మ్యాచింగ్ సూర్యకళ కళ్ళు

రామచంద్రపురం మెయిన్ రోడ్డులో జాకెట్టు ముక్కలమ్మే షాపులు ఆరున్నాయి. పెళ్ళి చీరలు సంచిలో పెట్టుకుని బస్సు దిగిన ఆడవాళ్ళు మాత్రం ఎదురొచ్చినవాళ్ళని ఒక్కటే అడిగేవారు, "సూర్యకళ ఉండే షాపెక్కడండీ?" అని. ఆ షాపుకో పేరుంది. ఓనరు గున్నేశ్వరరావు గారు వాళ్ళ నాన్నగారి పేరు బోర్డు మీద నిలువెత్తు అక్షరాలతో రాయించారు. పాపం, ఆ పేరు పలికినవాళ్ళని ఇంతవరకూ ఒక్కరిని కూడా చూడలేదు.

సూర్యకళకి ఇప్పుడు నలభై తొమ్మిది. టెన్త్ తప్పి మూడేళ్ళు ఇంట్లో ఉన్నాక, శ్రావణమాసం రద్దీకి రెండు నెలలు సాయంగా ఉంటుందని ఆ షాపులో చేర్చారు. ఆ రెండు నెలలే ముప్ఫై ఏళ్ళయ్యాయి. చేసే పని చెప్పుకోడానికి చాలా చిన్నది. చీర తెస్తారు, దానికి సరిపోయే రంగు జాకెట్టు ముక్క తీసి కోసివ్వాలి. అంతే! కానీ ఒకసారి ఆ గోడ ముందు నిలబడి చూడండి. టూబైటూ అనే జాకెట్టు బట్ట ఒక్కదాంట్లోనే రెండొందల పైచిలుకు రంగుల తానులు. ఆకుపచ్చే పాతిక రకాలు. మామూలు మనిషికి అందులో పది రకాలు ఒకేలా కనిపిస్తాయి. సూర్యకళ చీర కొంగు మడత విప్పి ఒక్క చూపు చూసేది. కస్టమర్‌తో మాట్లాడుతూనే చెయ్యి పైకెత్తేది. ఆ చేతికి ఏ తాను తగిలితే అదే. చీర మీద పరిస్తే ముక్క ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది.

ఎదురు సందులో టైలర్ జాషువాది ఎప్పుడూ ఒకటే గొడవ. "నువ్విచ్చిన ముక్క చీరలో కలిసిపోతందమ్మా! ఏదో రోజు జాకెట్టనుకుని చీర కోసేస్తాను, ఆ పాపం నీదే."

"కోసెయ్ జాషువా, ఆ చీరకి కూడా మ్యాచింగ్ నేనే తీసిస్తాలే" అనేది సూర్యకళ.

ఫోన్‌లో చెప్పినా పట్టేసేది. "ఆకుపచ్చంటే ఎలాంటిదండీ? మామిడి చిగురా, ముదురు మామిడాకా, వానలో తడిసిందా?" అని అడిగేది. అవతలివాళ్ళు నవ్వేవారు, కానీ ఆలోచించి "తడిసిందేనండి" అనేవారు. ఇంట్లో ఆవిడకి వేరే గొప్పలేం లేవు. భర్త జానకిరామ్ ట్రాక్టర్ తోలతాడు, పిల్లల్లేరు, సొంతానికి కొనుక్కున్న పట్టుచీర ఒక్కటి. ఊళ్ళో నలుగురూ ఆవిణ్ణి మనిషిగా గుర్తుపట్టేది ఆ కళ్ళ వల్లే. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు.

పాత షాపు చూడ్డానికి ఏం బాగుండేది కాదు. షట్టర్ ఎత్తితే మొత్తం రోడ్డు మీదకే తెరుచుకుని ఉండేది. దుమ్ము, హారన్లు, గోడ మీద నాలుగేళ్ళ క్యాలెండర్లు. రోడ్డు పక్కనే చెక్కబల్ల, దాని మీద సూర్యకళ. పొద్దున్నించీ సాయంత్రం దాకా పగటి వెలుతురు ఊరికే వచ్చి చీరల మీద పడేది. ఆ వెలుతురు గురించి ముప్ఫై ఏళ్ళలో ఎవ్వరూ ఆలోచించలేదు. గాలి గురించి మాత్రం ఎవరాలోచిస్తారు?

మొన్న మాఘమాసంలో గున్నేశ్వరరావు గారి అబ్బాయికి పెళ్ళయింది. కోడలు కన్యక వైజాగ్‌లో ఇంటీరియర్ డిజైనింగ్ చదివింది. చాలా మంచి పిల్ల, చాలా హుషారు. కాపరానికొచ్చిన నెలకే షాపుకొచ్చి, టేపు పెట్టి గోడలు కొలిచి, మావగారికి ల్యాప్‌టాప్‌లో త్రీడీ బొమ్మ చూపించింది. ఆయన కళ్ళజోడు పైకి జరుపుకుని, "ఇది మన షాపేనా అమ్మా?" అనడిగారు. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి నెల రోజులు షాపు మూసి పని మొదలెట్టారు.

నిజం చెప్పాలి, షాపు అదిరిపోయింది! సీలింగ్ మొత్తం ముదురు బూడిద రంగు, అందులో సన్నటి గీతల్లా దాచిపెట్టిన లైట్లు. గోడలకి నిలువు గాడులున్న వాల్‌నట్ చెక్క రంగు ప్యానెళ్ళు, ఆర్చీల్లాంటి అరలు, ఇత్తడి పిడులు. తానులన్నీ లేత నుంచి ముదురుకి వరసగా, ఇంద్రధనుస్సుని మడతపెట్టి అరల్లో సర్దినట్టు. ముందు గోధుమరంగు ఫిల్మ్ అంటించిన అద్దాల తలుపు, లోపల ఏసీ. కన్యక రీల్ తీసి పెడితే కాకినాడ నుంచి కూడా లైకులొచ్చాయి. తమ ఇళ్ళు కూడా అలా చేసిపెట్టమని ముగ్గురు అడిగారు. మన ఊరి మెయిన్ రోడ్డులో ఒక జాకెట్టు ముక్కల షాపు ఇలా ఉండొచ్చని ఆ పిల్ల ఊహించడమే గొప్ప. ఆ మాట కాదనలేం.

శ్రావణ శుక్రవారం తెరిచారు. మొదటి రోజు వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు తలుపు దగ్గరే ఆగిపోయారు.

"ఇదేంటే, పెద్ద హోటల్లా ఉందీ!"

"చెప్పులిప్పాలాండీ?"

"రండమ్మా రండి, మీ షాపే" అని సూర్యకళ లోపల్నుంచి కేకేసింది. ఆవిడ కౌంటర్ ఇప్పుడు ముప్ఫై అడుగులు లోపలికి ఉంది. కూర్చోడానికి తిరిగే స్టూల్ ఇచ్చారు. పక్కన సహాయానికి ప్రిస్కిల్లా, రెండేళ్ళ కిందట చేరిన అమ్మాయి, సూర్యకళ దగ్గరే పని నేర్చుకుంటోంది.

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. కన్యక పెట్టించింది వార్మ్ లైట్లు, అంటే పసుపు కాంతినిచ్చేవి. ఇంట్లో హాల్లోనో, హోటల్లోనో అవి పెడితే మనసుకి హాయిగా ఉంటుంది. ఫోటోల్లో చెక్క బంగారంలా మెరుస్తుంది. కానీ ఆ కాంతిలో నీలం తక్కువ. పైగా సీలింగ్‌లో పెట్టిన పట్టీ లైట్లు కాస్త నాసిరకం, రంగుల్ని ఉన్నవున్నట్టు చూపించవు. వాటి కింద ముదురు నీలం నల్లగా, వంకాయ రంగు గోధుమగా, తెలుపు మీగడలా కనిపిస్తాయి. రెండు వేరు వేరు రంగులు అక్కడ అచ్చం ఒక్కటే అనిపిస్తాయి, ఎండలోకి తెస్తే విడిపోతాయి. కన్యక చదువుకున్నది ఇళ్ళ గురించి. రంగు చూసి బతికే షాపు గురించి ఆ పిల్ల చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. సూర్యకళకి లైట్లలో రకాలుంటాయనే తెలీదు.

మూడో రోజు ఒక టీచరుగారు వెనక్కొచ్చింది. "సూర్యకళ గారూ, ఇదేంటండీ, నేవీ బ్లూ చీరకి నల్ల ముక్కిచ్చారు?"

సూర్యకళ నవ్వేసింది. "నేనిచ్చానాండీ? పొరపాటున ఇంకోళ్ళది కలిసిపోయుంటది." ముక్క తీసుకుని చూసింది. తను కోసిందే. ఇప్పుడు కూడా చీర మీద పెడితే సరిపోయినట్టే కనిపిస్తోంది. కానీ టీచరుగారు అబద్ధమాడే మనిషి కాదు. వేరే ముక్క కోసిచ్చింది. అది కూడా మర్నాడు తిరిగొచ్చింది.

ఆ వారంలో ఏడుగురొచ్చారు. షాపులో ఎప్పట్నుంచో "కోసిన ముక్క వాపసు లేదు" అని బోర్డుంది. ముప్ఫై ఏళ్ళలో సూర్యకళ కౌంటర్ దగ్గర ఆ బోర్డుతో పనిపడలేదు.

ఆవిడ కన్యక దగ్గరికెళ్ళి మెల్లగా అడిగింది. "అమ్మాయిగారూ, ఏమనుకోకండి. లోపల కొంచెం చీకటిగా ఉన్నట్టుందండీ."

"అయ్యో, ముందే చెప్పొచ్చు కదా ఆంటీ!" అని కన్యక మర్నాడే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి, సూర్యకళ నెత్తిమీద సరిగ్గా మరో నాలుగు లైట్లు పెట్టించింది. అవీ అదే రకం. డిజైన్ చెడకూడదు కదా. కౌంటర్ ధగధగలాడిపోయింది. తప్పులు మాత్రం తగ్గలేదు, ఇంకా పెరిగాయి.

అప్పుడే సూర్యకళకి అనుమానమొచ్చింది. చీకటి వల్ల కాదన్నమాట. ఇంత వెలుగులో కూడా పొరపాటు పడుతున్నానంటే ఇంక మిగిలింది తన కళ్ళే. వాళ్ళమ్మకి యాభై దాటకుండానే చూపు మందగించింది. చివరి రోజుల్లో గుమ్మంలో కూర్చుని, వచ్చినవాళ్ళ అడుగుల చప్పుడు విని పేర్లు చెప్పేది.

"ఆంటీ, నాక్కూడా అలాగే కనపడతందండీ" అంది ప్రిస్కిల్లా. "ఇద్దరికీ ఒకేసారి కళ్ళు పోతాయేంటి?"

"నీది నా దగ్గర నేర్చుకున్న చూపే కదే. నాతోనే పోయుంటది" అంది సూర్యకళ. ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక సూర్యకళ కౌంటర్ కింద ఏదో వెతుకుతున్నట్టు వంగి, చాలాసేపటిదాకా పైకి లేవలేదు.

ఒకసారి చీర పట్టుకుని బయటికెళ్ళి చూద్దామనుకుంది కూడా. కానీ తలుపు తెరిస్తే ఏసీ పోతుందని, తానులు గుమ్మం దాటకూడదని గున్నేశ్వరరావు గారు మొదటి రోజే చెప్పారు. ముప్ఫై ఏళ్ళలో ఆయన చెప్పింది ఆవిడ ఎప్పుడూ దాటలేదు.

ఆదివారం ఇంటి దగ్గర జానకిరామ్ పరీక్ష పెట్టాడు. వాకిట్లో మంచం మీద కూర్చోబెట్టి, దండెం మీదున్న బట్టలు ఒక్కోటీ ఎత్తి చూపించాడు.

"ఇదేం రంగు?"

"అరటిపువ్వు."

"ఇదో?"

"పాలపిట్ట రంగు. అంచు మెంతి రంగు."

"ఇది?"

"అది నీ బనీను. తెలుపుగా పుట్టింది, ఇప్పుడు దాని రంగు భగవంతుడికే తెలియాలి."

"చూసేవా! కళ్ళు శుభ్రంగా ఉన్నాయి. మరి నీ బాధేంటే?"

అదే భయం వేసింది సూర్యకళకి. ఇంట్లో కనిపిస్తోంది, షాపులో కనిపించట్లేదు. అంటే కళ్ళు కూడా కాదేమో, బుర్రేమో. రంగు చూసి చెయ్యి ఎత్తే లోపల, ఆ మధ్యలో ఎక్కడో ఏదో తెగిపోయిందేమో.

సెలవు పెట్టి రాజమండ్రి వెళ్ళి కంటి డాక్టర్‌కి చూపించుకుంది. రంగు చుక్కల్లో దాగిన అంకెలు చదివించారు, కళ్ళల్లో మందు చుక్కలేసి లైటు పెట్టి చూశారు. "శుక్లం ఇప్పుడిప్పుడే మొదలవుతోందమ్మా, ఆవగింజంత. ఇంకో పదేళ్ళదాకా దాని జోలికెళ్ళక్కర్లేదు. మీ రంగుల చూపు మా నర్సుల కంటే బాగుంది" అన్నాడు డాక్టర్.

"అలా అనకండి బాబూ. ఆపరేషన్ చేసెయ్యండి."

"అవసరం లేదంటున్నాను కదమ్మా."

"ఉందండీ. మీకు తెలీదు. నేనింక పని చెయ్యలేకపోతున్నానండీ. ఏదో ఒకటి ఉండుంటదండీ, ఇంకోసారి చూడండి. మీరు చేసేస్తే అయిపోద్దండీ." ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. వెనకాల లైన్లో ఉన్నవాళ్ళు విసుక్కున్నారు. డాక్టర్ కంటి చుక్కల మందొకటి రాసిచ్చి, చెయ్యి పట్టుకుని లేపి పంపించాడు. బస్టాండులో కూర్చుని సూర్యకళ ఆ కాగితం వంక చూస్తూ రెండు బస్సులు వదిలేసింది. రోగం ఉంటే బాగుండేది. రోగానికి పేరుంటుంది, మందుంటుంది.

షాపులో గున్నేశ్వరరావు గారు ఏమీ అనలేదు, అదింకా కష్టం. ఒకరోజు మాత్రం, "ఫోన్‌లో రంగు చెప్పే యాప్ ఉందంట కదా సూర్యకళా, ప్రిస్కిల్లా చేత ఒకసారి చూపించుకుంటే పోలా?" అన్నారు. ఆవిడ "ఆయ్, అలాగేనండి" అంది. ఆ రోజు నుంచి చెయ్యి దానంతటది పైకెళ్ళడం మానేసింది. ఒక తాను తీసేది, పెట్టేసేది, ఇంకోటి తీసేది. కస్టమర్ మొహం చూసేది. వాళ్ళు "బానే ఉందండి" అంటే కోసేది.

మండపేట నుంచి రైసుమిల్లు వాళ్ళు అంతకు ముందే, కొత్త షాపు తెరిచిన వారంలోనే, వచ్చి వెళ్ళారు. పెళ్ళికూతురు సాయిప్రసన్న, ఆ అమ్మాయి నానమ్మ పెద్దింట్లమ్మ గారు. తలంబ్రాల చీర నేరేడుపండు రంగు. అదే రంగు జాకెట్టు కావాలని, దాని మీద నిండా మగ్గం వర్క్ చేయించాలని పెద్దింట్లమ్మ గారి పట్టు. "కారులో అమలాపురం దాకా తిప్పేరమ్మా నన్ను. సూర్యకళ తీసిస్తేనే పిల్ల వేసుకుంటదని తిట్టి ఇటు తీసుకొచ్చేను" అందావిడ. సూర్యకళ పొంగిపోయి తీసిచ్చింది. ముక్క ఒక్కటే మగ్గం వాళ్ళ దగ్గరికి వెళ్ళింది, చీర పెళ్ళివాళ్ళింట్లో బీరువాలో ఉంది. మగ్గం పని మూడు వారాలు పట్టింది.

పెళ్ళి నాలుగు రోజులుందనగా, మధ్యాహ్నం పన్నెండింటికి పెద్దింట్లమ్మ గారు షాపులోకొచ్చింది. వెనకాల సాయిప్రసన్న, ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడిపోయి ఉంది. షాపు నిండా జనం. పెద్దింట్లమ్మ గారు చీర కౌంటర్ మీద పరిచి, దాని మీద వర్క్ చేసిన జాకెట్టు ముక్క పెట్టింది.

"చూడమ్మా. నువ్వే చూడు."

సూర్యకళ చూసింది. బంగారు తీగ పని, చిన్న చిన్న నెమళ్ళు. ముక్క చీరలో కలిసిపోయింది. "సరిపోయిందండీ" అంది.

"సరిపోయిందా?"

చుట్టూ ఉన్నవాళ్ళు కూడా తొంగి చూశారు. "బానే ఉంది కదండీ", "అచ్చం అదే రంగండి" అన్నారు. గున్నేశ్వరరావు గారు వచ్చారు, కన్యక వచ్చింది. అందరికీ సరిపోయినట్టే ఉంది.

పెద్దింట్లమ్మ గారు ఒక్క క్షణం బిత్తరపోయింది. తర్వాత మండిపడింది. "అందరూ కలిసి నాకు కళ్ళు లేవంటారా? మా వాకిట్లో మట్టి రంగులో ఉన్నది ఇక్కడికొచ్చి నేరేడుపండైపోయిందా? రండి, బయటికి రండి! అందరూ రండి!" చీర, ముక్క రెండూ చంకలో పెట్టుకుని అద్దాల తలుపు తోసేసి రోడ్డు మీదకెళ్ళింది. సూర్యకళ వెనకాల పరిగెత్తింది.

ఎండ నిప్పులా ఉంది. పెద్దింట్లమ్మ గారు ఆపి ఉన్న ఆటో టాపు మీద చీర పరిచి, పైన ముక్క వేసింది. చీర నేరేడుపండు. ముక్క తడిసిన చింతగింజ. గుడ్డివాడికైనా తేడా తెలుస్తుంది.

సూర్యకళ వంగి దగ్గరగా చూసింది. రెండూ తీసుకుని మళ్ళీ లోపలికి పరిగెత్తింది, కౌంటర్ మీద పెట్టి చూసింది, మళ్ళీ బయటికొచ్చింది. ఇలా రెండుసార్లు తిరిగింది. జనం పిచ్చిదేమోనన్నట్టు చూస్తున్నారు. నెల రోజుల నుంచీ గుండె మీద కూర్చున్నదేదో ఒక్కసారి లేచిపోయింది. సంతోషం పట్టలేక, ఎవరి ముందున్నానో కూడా చూసుకోకుండా అరిచేసింది.

"షావుకారుగారూ! నా కళ్ళు కాదండీ! లైట్లండీ! మన లైట్లు అబద్ధం చెప్తన్నాయండీ!"

పక్క షాపుల వాళ్ళు మెట్లు దిగి వచ్చారు. ఎవరో ఫోన్ తీశారు. గున్నేశ్వరరావు గారు సూర్యకళ వంక చూశారు, కోడలి వంక చూశారు, మెరిసిపోతున్న తన షాపు వంక చూశారు. కన్యక మొహం తెల్లగా పాలిపోయింది. ఆ పిల్లకి అంతా అర్థమైపోయింది. ఆ లైట్లు తనే ఏరి తెచ్చింది.

గున్నేశ్వరరావు గారు పెద్దింట్లమ్మ గారికి చేతులు జోడించారు. "క్షమించండమ్మా. సూర్యకళ పెద్దదైపోయిందండీ, శుక్లాలొచ్చేయి. రాజమండ్రిలో చూపించుకుంది కూడాను. బాధలో లైట్లంటోంది గానీ, తన మాట మీద నమ్మకంతో మేమందరం కూడా సరిపోయిందనేశామండీ. ముప్ఫై ఏళ్ళుగా ఉన్న మనిషిని ఒక్కసారి తీసెయ్యలేక ఊరుకున్నానండీ, తప్పు నాదే. ఆపరేషన్ నేనే చేయిస్తాను. మీ ముక్క సంగతి సాయంత్రంలోగా చూస్తాను."

"అయ్యో, ముందే చెప్పొచ్చుగా సూర్యకళా" అంది పెద్దింట్లమ్మ గారు. కోపం అంతా ఎటో పోయింది. "కళ్ళు కనపడక ఎంత అవస్థ పడ్డావో తల్లీ."

సూర్యకళ చీర చేతిలోకి తీసుకుని, తానులు తెమ్మని ప్రిస్కిల్లాని కేకేసింది.

ఆ ఎండలోనే నిలబడి, ప్రిస్కిల్లా తెచ్చిచ్చిన తానుల్లోంచి నేరేడుపండు రంగు తీసింది. చెయ్యి వెతుక్కోకుండా దాని మీదకే వెళ్ళింది. జాషువా ఆ నెమళ్ళని అంచు వెంట కత్తిరించి కొత్త ముక్క మీద అతికే ఏర్పాటు చేశాడు. పెళ్ళికి జాకెట్టు అందింది.

సాయంత్రం గున్నేశ్వరరావు గారు సూర్యకళని పక్కకి పిలిచారు. కన్యక కూడా ఉంది.

"నీ కళ్ళు బాగానే ఉన్నాయని నాకు తెలుసమ్మా" అన్నారాయన. "లైట్లు మార్పిస్తాను, పది రోజులు పడద్ది. ఈ పది రోజులూ నువ్వు ఇంటి దగ్గరుండు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకో. ఆపరేషనయ్యిందని చెప్దాం. తర్వాత వచ్చి నీ చోట్లో కూర్చో."

"చేయించుకోని ఆపరేషన్ చేయించుకున్నానని చెప్పాలాండీ?"

"ఆలోచించు. లైట్ల వల్లేనని బయటికొస్తే, ఈ నెలలో కొన్నవాళ్ళందరూ ముక్కలు పట్టుకుని గుమ్మంలో నిలబడతారు. షాపు తప్పంటే దెబ్బలాడతారమ్మా. నీ కళ్ళంటే జాలిపడి ఊరుకుంటారు."

"మావయ్యగారూ, తప్పు నాదండీ. నేనే చెప్తాను అందరికీ" అంది కన్యక.

"నువ్వూరుకో అమ్మా. నీ మొదటి పని ఇది. దీంతోనే చెడ్డపేరొస్తే తర్వాత నీ చేత ఎవరు చేయిస్తారు?"

"మరి నా పేరండీ?" అంది సూర్యకళ.

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "నీ పేరుకేమయిందమ్మా? పది రోజుల్లో చూపొచ్చేస్తే మళ్ళీ నువ్వు సూర్యకళవే కదా."

సూర్యకళ కన్యక వంక చూసింది. ఆ పిల్ల తల దించుకుని చున్నీ కొస మెలిపెడుతోంది. ఇంకో షాపులో చేరదామన్నా, ఊళ్ళో మిగిలిన ఐదు షాపులకీ ఈపాటికి శుక్లాల కబురు వెళ్ళిపోయుంటుంది. "ఆయ్, అలాగేనండి" అంది.

జానకిరామ్ సంతలో నల్ల కళ్ళద్దాలు కొనుక్కొచ్చాడు. ఇరుగుపొరుగు వాళ్ళు బత్తాయిలు పట్టుకొచ్చారు. "నొప్పి పుట్టిందా అక్కా?" "దేవుడిలాంటి షావుకారు దొరికేడు నీకు, ఈ రోజుల్లో ఎవరు చేయిస్తారు?" అన్నారు. సూర్యకళ తలూపుతూ కూర్చుంది. వాళ్ళెళ్ళాక చేటలో బియ్యం పోసుకుంటే జానకిరామ్ గాభరాపడ్డాడు.

"ఆపరేషనైన మనిషివి రాళ్ళేరతావేంటే? ఎవరైనా చూస్తే?"

"కళ్ళు మూసుకుని ఏరతన్నానని చెప్పు."

"పోనీ నిజం చెప్పేద్దామే. నేను చెప్తాను, ట్రాక్టర్ మీద మైకు కట్టుకుని."

"చెప్పి ఏం చేస్తాం? ఇద్దరం కలిసి ట్రాక్టర్ తోలదామా?" అంది. తర్వాత కళ్ళద్దాల్లోంచి వాకిలి వంక చూస్తూ, "దీంట్లోంచి చూస్తే అన్నీ ఒకటే రంగు. ఇన్నాళ్ళూ లేనిపోని కష్టం పడ్డాను" అంది. జానకిరామ్ నవ్వబోయి ఆగిపోయాడు. ఆవిడ నవ్వట్లేదు.

పదకొండో రోజు షాపుకెళ్ళింది. మావగారిచ్చిన మాట కన్యక నిలబెట్టింది. సూర్యకళ కౌంటర్ పైన సీలింగ్ కోయించి, పగటి వెలుతురు లాంటి తెల్లటి మంచి లైట్లు పెట్టించింది. తానులన్నీ ఏ రంగువి ఆ రంగులో, చిన్నప్పటి స్నేహితులు వరసగా నిలబడ్డట్టు కనిపించాయి. కన్యక దగ్గరికొచ్చి "ఆంటీ..." అని ఆగిపోయింది. "బాగున్నాయమ్మా లైట్లు" అంది సూర్యకళ.

మొదటి కస్టమర్ పక్కూరు వెల్ల నుంచి వచ్చే పాత మనిషే. పదేళ్ళుగా సూర్యకళ ఇచ్చిన ముక్కని మడత విప్పి చూసి ఎరగదు.

"చూపొచ్చిందా సూర్యకళా?"

గల్లా దగ్గర గున్నేశ్వరరావు గారు తలెత్తారు. కన్యక కూడా ఇటే చూస్తోంది.

"ఆయ్. వచ్చిందండీ."

"పోన్లే తల్లీ. ఇదిగో, ఇది చూడు." చీర పరిచింది. ఉల్లిపొర రంగు, అందులో కొంచెం గంధం కలిసింది. సూర్యకళ చెయ్యి పైకెళ్ళింది, తాను తీసి పరిచింది. కళ్ళు మూసుకుని చెప్పొచ్చు, అదే.

వెల్ల ఆవిడ వంగి చూసింది. చీర ఇటు తిప్పింది, అటు తిప్పింది. సూర్యకళ మొహంలోకి, ఆ కళ్ళలోకి కాస్త దగ్గరగా చూసింది, ఆపరేషన్ గాటు ఎక్కడుందో అన్నట్టు. తర్వాత పక్కకి తిరిగింది.

"ఏమనుకోకు సూర్యకళా, కొత్త కళ్ళు కదా. పెళ్ళి వాళ్ళది... అమ్మాయ్, నీ పేరేంటీ, ప్రిస్కిల్లా! నువ్వొకసారి చూసి చెప్పమ్మా, సరిపోయిందో లేదో."

ప్రిస్కిల్లా కదల్లేదు. "ఆంటీ తీసేరు కదండీ" అంది.

"అందుకేనమ్మా, చూడమంటన్నాను."

ప్రిస్కిల్లా సూర్యకళ వంక చూసింది. సూర్యకళ చీరనీ తానునీ కలిపి రెండు చేతులతో నెమ్మదిగా ఆ పిల్ల ముందుకి జరిపింది.